నలుగురం కలిసి చేత్తో లేసు అల్లడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మా శనివారం జట్టు అనుభవంతో నా సమాధానం

అడిగినావిడ ప్రశ్న క్లుప్తంగా ఇదండీ. గుంటూరు బ్రాడీపేటలో ఒకే అపార్ట్‌మెంట్లో నలుగురు ఉన్నారు, మధ్యాహ్నాలు కలిసి కూర్చుని లేసు అల్లడం నేర్చుకుందామనుకుంటున్నారు, యూట్యూబ్‌లో చూస్తే క్రోషా అని ట్యాటింగ్ అని బాబిన్ లేసు అని రకరకాలు కనపడి ఏది పట్టుకోవాలో తెలియట్లేదు. నలుగురిలో ఒకరిది ఎడమచేతి వాటం. అత్తగారికి చిన్నప్పుడు వచ్చేదట గానీ ఇప్పుడు మర్చిపోయానంటున్నారు. అందరూ కలిసి ఒక పెద్ద టేబుల్ క్లాత్ చేయాలని కోరిక, తర్వాత అమ్ముకోవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. క్రోషాతో, అంటే కొన కొక్కెంలా ఉండే సూదితో అల్లే పనితో మొదలుపెట్టండి, నలుగురూ ఒకే దారం కొనండి, సూది మాత్రం ఎవరి చేతికి సరిపడేది వాళ్ళు పట్టుకోండి. టేబుల్ క్లాత్ ఇప్పుడే వద్దు, మొదటి మూడు నెలలు అరచేయంత ముక్కలే అల్లండి. అమ్మకం సంగతి కనీసం ఏడాది దాకా తలపెట్టకండి. మిగతాదంతా ఎందుకలా అన్నానో చెప్పడమే, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. 2013 నుంచి మా ఇంట్లో శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా లేసు పట్టుకుని కూర్చుంటున్నాం, మొదట్లో ఐదుగురం, ఇప్పుడు ఎనిమిది మంది. మా అమ్మమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల, నర్సాపురం, మొగల్తూరు వైపు, ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుంటే చేతిలో దారం ఉండాల్సిందే. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకి నేర్పిన పని అది, నేర్చుకున్నవాళ్ళు కూతుళ్ళకి, కూతుళ్ళు వాళ్ళ కూతుళ్ళకి నేర్పుకుంటూ వచ్చి ఇప్పుడు మన గోదావరి పనే అయిపోయింది. 2024లో నర్సాపురం క్రోషా లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వేసవి సెలవులకి వెళ్తే అమ్మమ్మ నెల రోజులూ గొలుసు (ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగుతూ పోయే మొదటి కుట్టు) తప్ప ఇంకేం అల్లనివ్వలేదు, మూరలు మూరలు గొలుసు అల్లించి సాయంత్రానికి ఊడదీయించేది. అప్పుడు కోపం వచ్చేది గానీ నా చెయ్యి ఇవాళ సమానంగా వస్తుందంటే ఆ నెల రోజుల వల్లే.

ఇంతకీ అమ్మమ్మ చేసేది అతుకు పని. అక్కడ ఒకరు పువ్వులు అల్లుతారు, దాన్ని చేతిపని అంటారు, ఇంకొకరు ఆ పువ్వులన్నీ కలిపి అతికి గుడ్డ చేస్తారు. పది ఇళ్ళ నుంచి వచ్చిన పువ్వులు ముందేసుకుని అమ్మమ్మ చూడగానే చెప్పేసేది, ఇది ఫలానా వాళ్ళ కోడలిది, చెయ్యి బిగువు, ఇది ఆ మూలింటి పిల్లది, వదులు అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ టేబుల్ క్లాత్ సంగతికి వచ్చేసరికి మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ముందు రకాల సంగతి.

క్రోషా ఎందుకంటే, ఒక సూది ఒక ఉండ ఉంటే చాలు, తప్పు చేస్తే దారం లాగితే ఊడి వచ్చేస్తుంది, మళ్ళీ అదే దారంతో అల్లుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా పెద్ద ధైర్యం ఇంకోటి లేదు. పైగా అల్లుతూ మాట్లాడుకోవచ్చు, మధ్యలో పాలవాడొచ్చి బెల్లు కొట్టినా పక్కన పెట్టి లేవొచ్చు.

ట్యాటింగ్ అందం వేరు, నాకు చాలా ఇష్టం కూడా. మంగళగిరి మగ్గాల మీద నాడె చూసుంటారు కదా, అలాంటిదే అరచేతిలో ఇమిడిపోయే బుల్లి నాడె ఒకటి, దాంతో ముడులు వేసుకుంటూ ఉంగరాలు కడతాం. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, నాడె దారంతో ముడి వేస్తాం గానీ ఆ ముడి చివరికి వేళ్ళకి చుట్టుకున్న దారం మీదకి మారిపోవాలి, నాడె దారం లోపల్నించి తిన్నగా జారుతూ ఉండాలి. మారకపోతే ముడి బిగుసుకుపోతుంది, ఉంగరం మూసుకోదు. ఈ ఒక్క కిటుకు చేతికి రావడానికి కొందరికి గంట, కొందరికి మూడు వారాలు. వచ్చేదాకా ఒక్క ఉంగరం కూడా రాదు, తప్పు ముడి విప్పాలంటే గుండుసూదితో పొడుచుకుంటూ కూర్చోవాలి. మా జట్టులో ముగ్గురు నేరుగా ట్యాటింగ్ కావాలని పట్టుబట్టి మొదలుపెట్టారు, ఇద్దరు రెండో నెలకే రావడం మానేశారు. నేనే ఆపి ఉండాల్సింది. అందుకే క్రోషా ఆరు నెలలు అలవాటయ్యాక దీనికి రండి.

బాబిన్ లేసు పూర్తిగా వేరే సంగతి. గట్టి దిండు మీద డిజైను కాగితం పెట్టి, గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న చెక్క పుల్లలు జతలు జతలుగా వేలాడదీసి అల్లుతారు. కదలికలు రెండే రెండు, నాలుగు పుల్లల్లో మధ్య రెండిటిని ఒకదాని మీదుగా ఒకటి దాటించడం, పక్క జతల్ని మెలిపెట్టడం. జడ వేయడం వచ్చినవాళ్ళకి లెక్క త్వరగానే అర్థమవుతుంది. కానీ చిన్న పట్టీ అల్లాలన్నా పది పన్నెండు జతలు కావాలి, ఆ దిండు ఇంట్లో ఒక చోట కదలకుండా ఉండాలి, మనవలూ పిల్లులూ దాని జోలికి రాకూడదు. స్లొవేనియాలో ఇద్రియా అనే ఊళ్ళో దీనికోసం 1876లో పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది, ఆ దేశపు ఈ పనిని యునెస్కో 2018లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. పిల్లలు ఏళ్ళ తరబడి నేర్చుకునే విద్య, శనివారం రెండు గంటల్లో అయ్యేది కాదు. మీలో ఒకరికి బాగా ఆసక్తి ఉంటే ఒక్కరే ఇంట్లో చేసుకోండి, జట్టు మొత్తానికి పెట్టకండి.

మామూలు కుట్టుసూదితో చేసే సూది లేసు అని ఇంకోటి ఉంది, మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే మీ అందరికీ సగం వచ్చేసినట్టే. అది కాజా కుట్టే. గుడ్డ అంచు మీద కాకుండా ఒక దారం ఆధారంగా చేసుకుని గాలిలోనే కాజాలు కుట్టుకుంటూ పోతే అదే లేసు అవుతుంది. వెనీస్ వాళ్ళు దానికి పెట్టుకున్న పాత పేరుకి అర్థమే గాలిలో కుట్టు అని. జాకెట్టుకి కాజాలు కుట్టిన చెయ్యి ఉంటే రుమాలు అంచుకి ఒక వరస వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

ఇక దారం. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. నేర్చుకోవడానికి 10 నంబరు, చెయ్యి కుదిరాక 20, నర్సాపురం వాళ్ళలాగా సన్నంగా కావాలంటే 40. యాంకర్ దారం మామూలుగా దొరుకుతుంది, నూలుదే తీసుకోండి, పాలిస్టర్ జారిపోతుంది, గంజి పట్టదు. మీకు పట్నం బజారులో టైలరింగ్ సామాను అమ్మే షాపుల్లో అడగండి, మేమైతే బీసెంట్ రోడ్డుకో వన్‌టౌన్‌కో వెళ్తాం. మొదటి ఉండ తెలుపు కొనకండి, లేత పసుపో లేత గులాబీయో కొనండి, తెలుపులో కొత్తవాళ్ళకి కుట్టు కన్నం కనపడదు, నలుపు ముదురు నీలం అసలు కనపడవు. ఒళ్ళో ముదురు రంగు గుడ్డ పరుచుకుని దాని మీద లేత దారం అల్లండి, కళ్ళకి ఎంత తేలికో మీకే తెలుస్తుంది. నలభై దాటినవాళ్ళు ముందు కళ్ళజోడు సరిచూపించుకోండి. మా దగ్గర ఒకావిడ నాకు చెయ్యి తిరగట్లేదు అని ఆర్నెల్లు బాధపడింది, తీరా చూస్తే చెయ్యి కాదు, చత్వారం.

సూది విషయంలో దాని మీద ఉన్న నంబరు చూడకండి, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, మిల్లీమీటర్లు చూడండి. 10 నంబరు దారానికి 1.5 గానీ 1.75 గానీ, 20కి 1.25, 40కి 1 మిల్లీమీటరు అటూ ఇటూ. స్టీలు సూదే కావాలి. మన దగ్గర ఎండాకాలం చెమటకి చవక సూదులు తుప్పు పట్టేస్తాయి, తుప్పు మరక తెల్ల లేసుకి అంటితే వదలదు. వాడాక తుడిచి డబ్బాలో పెట్టి ఒక సుద్దముక్క వేయండి, తేమ లాగేస్తుంది. అల్లేముందు చేతులు సబ్బుతో కడుక్కుని కొంచెం పౌడరు రాసుకుంటే సూది జారకుండా ఉంటుంది, దారం మాసిపోదు.

మొదటి రెండు వారాలు గొలుసు, తర్వాత ట్రెబుల్ (సూదికి దారం ఒకసారి చుట్టుకుని వేసే పొడవు కుట్టు), ఈ రెండూ వస్తే లేసు సగం వచ్చినట్టే. కొత్తవాళ్ళ ముక్క చతురస్రంగా రాకుండా పోనుపోను సన్నబడి సమోసాలా అవుతుంది, ప్రతి జట్టులోనూ జరిగేదే, మీకూ జరుగుతుంది, కంగారు పడకండి. కారణం ఏంటంటే వరస తిరిగినప్పుడు వేసే 3 గొలుసులే మొదటి ట్రెబుల్ కింద లెక్క, వరస చివర ఆ 3 గొలుసుల తల మీద ఒక ట్రెబుల్ వేయాలి, అది కుట్టులా కనపడదు కాబట్టి వదిలేస్తారు. వరసకి ఒకటి చొప్పున పోతే అంచు లోపలికి వెళ్ళిపోతుంది. ఆ మూడో గొలుసులో ఒక చిన్న పిన్నీసు పెట్టుకోండి, వారం రోజుల్లో కన్నుకి అలవాటైపోతుంది. ఇంకోటి, మొదలు గొలుసు అందరూ బిగించేస్తారు, ముక్క అడుగున కుంచించుకుపోయి పైన విచ్చుకుంటుంది. గొలుసు వరకు ఒక సైజు లావు సూదితో అల్లి తర్వాత మామూలు సూదికి మారిపోండి.

యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా అంటారా. నేర్చుకోవచ్చు, ఒక్క ప్రమాదం ఉంది. అమెరికా వాళ్ళు డబుల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ వాళ్ళు ట్రెబుల్ అంటారు, బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషే అనేది అమెరికాలో సింగిల్ క్రోషే. మన దగ్గర పాత పుస్తకాలన్నీ బ్రిటన్ మాటలు, కొత్త వీడియోలు ఎక్కువగా అమెరికా మాటలు. నలుగురు నాలుగు వీడియోలు చూసుకుని వచ్చారంటే ఒకే పేరుతో వేర్వేరు కుట్లు అల్లుకుంటూ కూర్చుంటారు. మా జట్టులో ఒకావిడ ట్రే గుడ్డ అలాగే సగం ఎత్తుకే వచ్చింది, డిజైను అమెరికాది, ఆవిడ అల్లింది బ్రిటన్ డబుల్, దాదాపు నెల రోజుల పని. అందుకే మాటలు వదిలేసి గుర్తుల చార్టు చదవడం నేర్చుకోండి. చిన్న కోడిగుడ్డు ఆకారం గొలుసు, నల్ల చుక్క స్లిప్ స్టిచ్ (ఎత్తు లేకుండా కలిపే కుట్టు), నిలువు గీతకి పైన అడ్డగీత పెట్టి మధ్యలో ఒక ఏటవాలు గీత కొడితే మన ట్రెబుల్. జపాన్ పుస్తకమైనా రష్యా పుస్తకమైనా ఈ గుర్తులే. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు మా దగ్గర ముగ్గురు ఉన్నారు, చార్టు చూసి నాకన్నా వేగంగా అల్లుతారు.

డిజైను విషయానికొస్తే మనవాళ్ళకి చాలా తేలికైనది గడుల లేసు, ఫిలే అంటారు. గళ్ళ కాగితం మీద కొన్ని గడులు నింపి కొన్ని ఖాళీగా వదిలితే బొమ్మ వస్తుంది, ముగ్గులు వేసిన చేతికి ఇది కొత్తేం కాదు. ఖాళీ గడి అంటే ఒక ట్రెబుల్, 2 గొలుసులు, మళ్ళీ ఒక ట్రెబుల్. నిండు గడి అంటే ఆ 2 గొలుసుల బదులు 2 ట్రెబుల్స్. పక్కపక్క గడుల మధ్య ట్రెబుల్ రెండిటికీ ఉమ్మడి. పది ఖాళీ గడుల వరసకి 35 గొలుసులు వేసి సూది దగ్గర నుంచి ఎనిమిదో గొలుసులో మొదటి ట్రెబుల్ వేయండి, అక్కణ్ణించి 2 గొలుసులు వేసి కింద 2 వదిలి మూడో దాంట్లో ట్రెబుల్, అలా చివరిదాకా. అది వచ్చాక మీ ఇంటి ముందు ముగ్గునే గళ్ళ కాగితం మీదకి ఎక్కించుకోండి. మా జట్టు మొదటి సంక్రాంతికి అందరం హంసల వరస ఒకటి అల్లుకున్నాం, ఎవరి హంస వాళ్ళ పోలికలో వచ్చింది.

ఇప్పుడు మీ టేబుల్ క్లాత్. ఇక్కడే నాకు ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే మేం పూర్తిగా చెడగొట్టుకున్నాం.

రెండో ఏడు, ఆరుగురం కలిసి 48 చతురస్రాలు అల్లి ఒక గుడ్డ చేద్దామనుకున్నాం. తలా 8. అందరికీ ఒకే చార్టు, ఒకే 20 నంబరు దారం, ఒకే 1.25 సూది కొని పంచాను, అన్నీ ఒకేలా ఉంటే అన్నీ ఒకే సైజు వస్తాయని నా నమ్మకం. నాలుగు నెలల తర్వాత అందరివీ తెచ్చి నా మంచం మీద పరిస్తే కొన్ని పదకొండు సెంటీమీటర్లు, కొన్ని పదమూడు. ఒకరివి బిగుసుకుపోయి అట్టముక్కల్లా ఉన్నాయి, ఒకరివి వలలా జారిపోతున్నాయి. అయినా లాగి లాగి అతికాం, మధ్యలో ఉబ్బెత్తుగా లేచింది, అంచులు అలలు తిరిగాయి. పైగా దారం అయిపోతే మధ్యలో వెళ్ళి మళ్ళీ తెచ్చాను, షాపతను అదే తెలుపన్నాడు, ట్యూబులైటు కింద అదే తెలుపు, పగలు కిటికీ దగ్గర పెడితే ఒకటి పాలు ఒకటి మీగడ. ఆ గుడ్డ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, ఎవరికీ పారేయాలని లేదు, వాడటానికీ లేదు.

అప్పుడు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. చెయ్యి మనిషికొకటి. బిగువు చెయ్యి కావాలని వదులు చేసుకుంటే పది నిమిషాలు ఉంటుంది, మాటల్లో పడగానే మళ్ళీ బిగిసిపోతుంది. కాబట్టి చెయ్యి మార్చకండి, సూది మార్చండి. పద్ధతి ఏంటంటే, పని మొదలుపెట్టే ముందు నలుగురూ పది గడులు, పది వరసల ముక్క ఒకటి అల్లండి. ఉతికి, ఆరబెట్టి, స్కేలు పెట్టి కొలవండి, అల్లిన వెంటనే కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. ఒకరిది ఐదున్నర సెంటీమీటర్లు, ఇంకొకరిది ఆరున్నర వచ్చిందనుకోండి, బిగువావిడకి ఒక సైజు లావు సూది, వదులావిడకి ఒక సైజు సన్నం సూది ఇచ్చి మళ్ళీ అల్లించండి. రెండు మూడుసార్లకి అందరివీ ఒక దగ్గరికి వచ్చేస్తాయి. మా ఎనిమిది మందిలో ఇప్పుడు ఒకే పనికి 1 నుంచి 1.5 దాకా నాలుగు రకాల సూదులు నడుస్తాయి, ముక్కలు మాత్రం ఒకే కొలత. ఎవరి సూది ఏదో ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నాం.

ఇంకా మూడు మాటలు దీని గురించి. దారం మొత్తం ఒకేసారి కొనండి, ఉండల మీద చుట్టిన కాగితం పైన లాట్ నంబరు (ఏ విడత రంగో చెప్పేది) ఉంటుంది, అన్నీ ఒకటే నంబరు ఉండేలా చూసి ఇంకో రెండు ఉండలు అదనంగా తెచ్చుకోండి. అతికేటప్పుడు ఒకరి ముక్కలన్నీ ఒక మూల పెట్టకండి, కలగలిపి పరవండి, అర సెంటీమీటరు తేడా ఉన్నా గుడ్డ మొత్తం మీద సర్దుకుపోతుంది. అతుకు పని మాత్రం ఒక్కరి చేతనే చేయించండి. ముక్కలు ఎంత మంది చేసినా పర్లేదు, అతుకు ఇద్దరి చేతుల్లో పడితే ఆ గీత దగ్గర గుడ్డ తిరగబడుతుంది. నర్సాపురంలో ఆ పని విడిగా ఎందుకు ఉందో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు. మూడోసారి చేసిన 24 ముక్కల గుడ్డ మా జట్టులో ఒకావిడ కూతురి పెళ్ళికి ఇచ్చాం, అల్లినవాళ్ళం ఏడుగురం, అతికింది ఒక్కావిడే, బల్ల మీద నీళ్ళు పోసినట్టు పరుచుకుంది. పెళ్ళికూతురు చూసి ఏది ఎవరిదో చెప్పమంది. మేమైతే చెప్పగలిగాం.

ఎడమచేతి ఆవిడ సంగతి. పక్కన కూర్చోబెట్టి చూపించకండి, ఎదురుగా కూర్చోబెట్టండి, అద్దంలో చూసినట్టు ఆవిడకి సరిగ్గా అర్థమవుతుంది. యూట్యూబ్ వీడియో అయితే ఎడమా కుడీ తిప్పి చూపించే ఆప్‌లు ఉన్నాయి, అది పెట్టుకోండి. కుడిచేత్తో అల్లమని మాత్రం అనకండి, మా అమ్మ తరంలో కొట్టి మరీ మార్పించేవాళ్ళు, ఆ చేతులు ఎప్పటికీ కుదురుకోలేదు. ఫిలేలో ఆవిడ మొదటి వరస ఎడమ నుంచి కుడికి పోతుంది కాబట్టి అక్షరాలు ఉన్న డిజైను తిరగబడి రావచ్చు, ఏం పర్లేదు, ఫిలేకి రెండు వైపులా ఒకేలా ఉంటాయి, ముక్కని తిరగేస్తే సరిపోతుంది.

మీ అత్తగారిని ఎలా అల్లాలో చెప్పమని అడగకండి. గుర్తులేదు అనే అంటారు, నిజంగానే మాటల్లో గుర్తుండదు. ఆవిడ టీవీ చూస్తున్నప్పుడు సూదీ దారం చేతికిచ్చి, ఈ చిక్కు కాస్త విప్పండి అత్తయ్యా, ఈ గొలుసు మొదలుపెట్టి ఇవ్వండి అని పక్కన కూర్చోండి. మా జట్టులోకి డెబ్భై ఎనిమిదేళ్ళ పిన్నిగారు ఒకరు అలాగే వచ్చారు, యాభై ఏళ్ళుగా పట్టుకోలేదన్నారు, పది నిమిషాలు తడుముకుని పదకొండో నిమిషంలో ఆవిడ వేళ్ళు వాటంతట అవే నడిచాయి, ఆవిడే ఆశ్చర్యంగా తన చేతుల వైపు చూసుకున్నారు. ఆవిడ నేర్పిన గవ్వ అంచు ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు. మీ అత్తగారి చేతులు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, ముఖం అక్కర్లేదు, చేతులు చాలు. ఇది మాత్రం వాయిదా వేయకండి. పిన్నిగారి వీడియో తీద్దాం తీద్దాం అనుకుంటూనే మేం తీయలేదు, ఆవిడ పోయి మూడేళ్ళయింది, గవ్వ అంచు మలుపు దగ్గర ఏం చేసేవారో మాలో ఎవరికీ ఇప్పుడు సరిగ్గా రావట్లేదు.

కలిసి కూర్చోవడానికి కొన్ని. రోజూ కాదు, వారానికి ఒకరోజు, టైము మార్చకుండా. ఎవరైనా రాకపోయినా ఇద్దరున్నా కూర్చోండి. కూర్చుని చేసే పని వేరు, ఇంట్లో ఒంటరిగా చేసే పని వేరుగా పెట్టుకోండి. లెక్క పెట్టాల్సిన డిజైను నలుగురిలో పట్టుకుంటే కబుర్లలో లెక్క తప్పుతుంది, ఊడదీసుకుని విసుగొస్తుంది, ఆ విసుగుతోనే మానేస్తారు. అందరం కూర్చున్నప్పుడు లెక్క లేని సాదా వరసలు, రుమాలు అంచులు, అలాంటివి. ఇంకోటి, మీది గుంటూరు కాబట్టి చెప్తున్నాను, మిరపకాయ బజ్జీలు పని సంచులు సర్దేశాకే. నూనె మరక, పసుపు మరక నూలు లేసు మీద పడితే సగం పని పోయినట్టే. అరగంటకోసారి లేచి మెడా మణికట్టూ తిప్పండి, బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే వారం ఆపేయండి, మొండికేస్తే ముదురుతుంది.

లేసుని చీరకో జాకెట్టుకో కుట్టాలనుకుంటే గుడ్డా లేసూ రెండూ ముందు విడివిడిగా తడిపి ఆరబెట్టండి. కొత్త నూలు చీర మొదటి ఉతుకుకి లోపలికి పోతుంది, లేసు అంత పోదు, అంచు మడతలు పడుతుంది. ఉతకడానికి గోరువెచ్చటి నీళ్ళు, మామూలు సబ్బు, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కాలి. పల్చటి గంజి గుడ్డలో వడగట్టి అందులో ముంచి, తువ్వాలు పరిచిన థర్మకోల్ షీటు మీద తుప్పు పట్టని గుండుసూదులతో లాగి పెట్టి ఆరనిస్తే ఆకారం నిలబడుతుంది. కానీ గంజితో బీరువాలో దాచకండి, గంజి వాసనకి పురుగు చేరుతుంది, దాచేటప్పుడు గంజి పోయేలా ఉతికి పాత నూలు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు.

ఆఖరికి అమ్మకం. అరచేయి వెడల్పు కన్నా కాస్త పెద్ద గుండ్రటి గుడ్డ, టీ కప్పుల కింద వేసేది, 20 నంబరు దారంతో అల్లడానికి నాకు గంటలు పడుతుంది. ఆ గంటలకి రోజు కూలి లెక్కేసి ధర చెప్తే కొనేవాళ్ళు మిషన్ లేసు ధర చెప్పి వెళ్ళిపోతారు. ధర తగ్గించి అమ్మేద్దాం, మనకి ఇది సరదానే కదా అనిపిస్తుంది, దయచేసి అలా చేయకండి. నర్సాపురం వైపు ఇది వేల ఇళ్ళకి కూడు పెట్టే పని. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడ తిరిగి పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు, ఆవిడ పట్టుకున్న విషయం ఇదే, వీళ్ళు గృహిణులు, ఖాళీ టైములో అల్లుకుంటున్నారు అనే మాటని అడ్డం పెట్టుకుని ఎగుమతయ్యే సరుకుకి కూడా అతి తక్కువ కూలి ఇవ్వగలిగారు. మా అమ్మమ్మ రోజంతా అతికి ఎంత తెచ్చుకునేదో చూసినదాన్ని, చదివినప్పుడు కడుపులో దేవినట్టయింది. మనం సరదాకి అల్లి చవగ్గా అమ్మితే ఆ ధరే వాళ్ళకీ చూపిస్తారు. ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి, పెళ్ళికి, సీమంతానికి, బారసాలకి. అమ్మాలనుకుంటే గంటలు లెక్కేసి పూర్తి ధరకే అమ్మండి. ఇంకో సంగతి, గుంటూరులో మీరు అల్లినదాన్ని నర్సాపురం లేసు అని పేరు పెట్టి అమ్మకూడదు, జీఐ వచ్చాక ఆ పేరు ఆ ప్రాంతం వాళ్ళది.

వీలైతే ఒకసారి నలుగురూ విజయవాడ వచ్చి నర్సాపురం రైలెక్కండి, గుడివాడ భీమవరం మీదుగా పోతుంది. అక్కడ అల్లేవాళ్ళ పక్కన ఒక గంట కూర్చోనిస్తే చాలు, సూది ఎంత తక్కువ కదులుతుందో చూడండి, మనం మోచేయి దాకా ఊపుతాం, వాళ్ళకి వేలు మాత్రమే కదులుతుంది. ఊరికే చూసి రాకండి, వాళ్ళ దగ్గరే ఏదైనా కొనుక్కుని రండి, బేరం ఆడకుండా.

ఈ వారం దారం కొనేయండి, నలుగురికీ కలిపి 10 నంబరువి నాలుగు ఉండలు, 1.25, 1.5, 1.75 సూదులు. పది గడుల ముక్క నలుగురివీ అయ్యాక పక్కన స్కేలు పెట్టి, ముదురు గుడ్డ మీద పరిచి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, ఎవరికి ఏ సూది మార్చాలో చూసి చెప్తాను. అత్తగారి ముక్క కూడా పెట్టండి.